షవర్ విప్పే ముందు నీళ్లు కట్టడం

కారే షవర్‌ను బాగుచేసే పని చాలావరకు పావుగంటలో తెమిలిపోతుంది. దానికి ముందు నీళ్లు కట్టడానికి మాత్రం అరగంట పట్టినా పట్టనివ్వాలి. వాల్వ్ తిప్పడం వేరు, పైపులో నీళ్లు ఆగడం వేరు. ఆ తేడా స్పిండిల్ (పిడితో పాటు తిరిగే లోపలి కడ్డీ) ఊడి చేతిలోకి వచ్చాక తెలిస్తే అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. ఒకసారి లెక్క వేసి చూడండి. 15 మిల్లీమీటర్ల పైపు నోటి వైశాల్యం సుమారు 1.8 చదరపు సెంటీమీటర్లు. షవర్‌కు మూడు మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఆ నోటి దగ్గర దాదాపు అరకిలో బరువుతో నెడతాయి కనుక బొటనవేలితో అదిమిపట్టవచ్చు. ప్రెషర్ పంపు నుంచో, వీధి పైపు నుంచి నేరుగానో మూడు బార్ల ఒత్తిడితో వచ్చే నీళ్లయితే ఐదు కిలోలకు పైగా బలంతో తోస్తాయి. సగం మర విప్పిన స్పిండిల్‌ను ఆ బలం ఎగరగొట్టి ముఖానికి తగిలేలా చేయగలదు.

అసలు కట్టాల్సిన అవసరం ఉందా?

షవర్ హెడ్, దాన్ని గోడకు కలిపే వంపు పైపు, హ్యాండ్ షవర్ గొట్టం, ఇవన్నీ కుళాయి దాటాక వచ్చే భాగాలు. రంధ్రాలు పూడుకుపోయిన హెడ్‌ను మార్చడానికో, దాని మెడ దగ్గర కొత్త వాషర్ వేయడానికో ఇంటి నీళ్లన్నీ ఆపనవసరం లేదు. షవర్ కుళాయిని గట్టిగా కట్టి, పని అయ్యేదాకా ఎవరూ దాన్ని తిప్పకుండా చూసుకుంటే చాలు. కుళాయి పిడి లోపల ఉండే వాషర్‌ను, స్పిండిల్‌ను, కొన్ని కుళాయిల్లో వాషర్‌కు బదులుగా ఉండే కార్ట్రిడ్జ్ అనే గుళికను, నీళ్లను షవర్‌కో కింది కుళాయికో మళ్లించే డైవర్టర్‌ను విప్పాలన్నా, వేడి, చన్నీళ్లను కలిపే గోడమీది మిక్సర్‌ను మొత్తంగా దించాలన్నా మాత్రం వెనక నుంచే నీళ్లు ఆగాలి.

తప్పు ఎక్కడుందో తెలియకపోతే ఒక రాత్రి ఆగి చూడటం మేలు. వెడల్పాటి హెడ్‌లో కుళాయి కట్టాక కూడా కొన్ని నీళ్లు నిలిచి ఉండి, కాసేపటికి ఉన్నట్టుండి ధారగా కారిపోతాయి. దాన్ని లోపమనుకుని కార్ట్రిడ్జ్ మార్చేసినవాళ్లున్నారు. పడుకునే ముందు షవర్ కింద ఒక బకెట్ పెట్టి, తెల్లవారాక కూడా అందులో చుక్క పడుతూనే ఉంటే అప్పుడు వాషరో, కార్ట్రిడ్జో అరిగిందని అర్థం చేసుకోవచ్చు. వేడికి ఒకటి, చన్నీళ్లకు ఒకటి చొప్పున రెండు పిడులున్న మిక్సర్ అయితే గీజర్‌కు వెళ్లే వాల్వ్‌ను మాత్రమే కట్టి చూడండి. చుక్క ఆగిపోతే అరిగింది వేడినీళ్ల వైపు వాషరేనని తేలిపోతుంది, రెండో వైపు ముట్టుకోనవసరం ఉండదు.

ఏ వాల్వ్ కట్టాలి?

షవర్ దగ్గర మొదలుపెట్టి, నీళ్లు వచ్చే దారిలో వెనక్కి వెళ్తూ మొదట ఎదురయ్యే వాల్వ్‌ను కట్టడం పద్ధతి. కొన్ని స్నానాల గదుల్లో గోడలోనే, తలుపు పైభాగాన గానీ మిక్సర్‌కు కాస్త పక్కన గానీ, చిన్న మూత కింద దాగిన స్టాప్ కాక్ ఉంటుంది. అది లేకపోతే ఆ గదికి చీలే పైపు మీదిది, అదీ లేకపోతే ఇంటి మొత్తానికి వచ్చే పైపు మీదిది, చివరికి ట్యాంకు అడుగున బయటికి వచ్చే పైపు మీదిది వెతుక్కోవాలి. నీళ్ల మీటరుకు అవతల, వీధి వైపున ఉన్న వాల్వ్ సాధారణంగా నీటి సరఫరా సంస్థది. దాని జోలికి పోకుండా మీటరుకు ఇవతల, ఇంటి వైపున ఉన్నదాన్నే వాడాలి. ట్యాంకు వాల్వ్ కట్టి ఊరుకుంటే సరిపోని ఇళ్లు కూడా ఉన్నాయి. వంటింటికి వీధి నీళ్లు, స్నానాల గదికి ట్యాంకు నీళ్లు విడివిడిగా వచ్చే చోట ఏ పైపు ఎటు పోతుందో ఎవరికీ గుర్తుండదు. అలాంటప్పుడు ఒక్కో వాల్వ్‌ను కట్టి, ప్రతి కుళాయినీ తెరిచి చూసి, ఏది ఆగిందో ఒక చీటీ మీద రాసి ఆ వాల్వ్‌కే కట్టేయడం తప్ప దగ్గరి దారి లేదు.

వాల్వ్‌లు ప్రధానంగా మూడు రకాలు. పొడవైన పిడి ఉన్న బాల్ వాల్వ్ పావు చుట్టులో పనిచేస్తుంది. పిడి పైపు వెంబడే ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగా ఉంటే కట్టినట్టు. దూరం నుంచే తెలిసిపోతుంది కనుక కొత్తగా వాల్వ్ వేయించుకునేవారికి నేను దీన్నే సూచిస్తాను. వాషర్‌తో పనిచేసే మామూలు స్టాప్ కాక్‌ను గడియారం ముల్లు తిరిగే దిక్కున కొన్ని చుట్లు తిప్పితే మూసుకుంటుంది. మూడోది గుండ్రటి చక్రం ఉన్న గేట్ వాల్వ్. పాత ఇళ్లలో ఎక్కువగా కనిపించేది, ఎక్కువగా మోసం చేసేది ఇదే.

గేట్ వాల్వ్ లోపల ఒక ఇత్తడి పలక చక్రం తిరిగే కొద్దీ కిందికి దిగి పైపును అడ్డుకుంటుంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నదాని అడుగు గాడిలో సున్నం, తుప్పు రవ్వలు, ఇసుక పేరుకుని గట్టిపడతాయి. చక్రం తిప్పుతుంటే మొదట తేలిగ్గా, తర్వాత గరగరమంటూ తిరిగి ఒకచోట ఆగుతుంది. పూర్తిగా మూసుకుందని మనమనుకుంటాం గానీ, పలక నిజానికి ఆ మడ్డి మీద కూర్చుని ఉంటుంది, దాని కింది సందులోంచి నీళ్లు సన్నగా పారుతూనే ఉంటాయి. అప్పుడు ఇంకా గట్టిగా బిగించకూడదు. చక్రాన్ని అర చుట్టు వెనక్కి తిప్పి, ఒక కుళాయి తెరిచి ఉంచి, ఆ సన్నని సందులోంచి నీళ్లను వేగంగా పోనిచ్చి, మళ్లీ కట్టాలి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే మడ్డి కొట్టుకుపోయి, పలక గాడిలోకి దిగుతుంది. ఇంకో రకం మోసం కూడా ఉంది. పలకకూ స్పిండిల్‌కూ మధ్య పట్టు తెగిపోయిన వాల్వ్‌లో చక్రం రెండు దిక్కులా హాయిగా తిరుగుతుంది, పలక మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అంతులేకుండా తిరిగే చక్రాన్ని నమ్మవద్దు. దాని వెనక ఉన్న మరో వాల్వ్‌ను వెతకండి.

కదలనే కదలని వాల్వ్‌తో పెనుగులాట ఎంతవరకు అన్నది కూడా ముందే తెలుసుకోవాలి. పొడి గుడ్డ చుట్టి చేత్తో తిప్పి చూడండి. కదలకపోతే స్పిండిల్ బయటికి వచ్చే చోట, అంటే గ్లాండ్ నట్ దగ్గర, తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి పావుగంట ఆగండి. తర్వాత ఆ నట్‌ను పానాతో కొద్దిగా, పావు చుట్టుకు మించకుండా వదులు చేసి, చక్రాన్ని ఇటు కాస్త, అటు కాస్త కదుపుతూ దారికి తెచ్చుకోవాలి. కదిలాక నట్‌ను తిరిగి బిగించాలి, లేకపోతే స్పిండిల్ పక్కనుంచి నీళ్లు ఊరతాయి. పెద్ద పైపు పానా చక్రానికి తగిలించి వేలాడటం మాత్రం తప్పు. అంత బలానికి లొంగేది వాల్వ్ కాకపోవచ్చు, దానికి అతికించిన పైపు కీలు కావచ్చు. అది విరిగితే షవర్ సంగతి మర్చిపోయి ఇల్లంతా చూసుకోవాల్సి వస్తుంది. రెండో పానాతో వాల్వ్ ఒంటిని కదలకుండా పట్టుకోకుండా ఏ నట్‌నూ తిప్పవద్దు.

ముందు కరెంటు, తర్వాత నీళ్లు

వాల్వ్ మీద చెయ్యి వేసే ముందే గీజర్ స్విచ్ ఆపాలి. గోడమీది స్విచ్‌తో సరిపెట్టకుండా దాని ఎంసీబీని (మీటరు బోర్డులో ఆ లైనుకు కరెంటు ఆపే చిన్న బ్రేకర్‌ను) కూడా దించి, ఇంట్లో వాళ్లకు చెప్పి ఉంచడం మంచిది, ఎందుకంటే మనం మిక్సర్ దగ్గర వంగి ఉండగా అలవాటు కొద్దీ వచ్చి ఆ స్విచ్ నొక్కేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. గీజర్‌ను ముందే ఆపడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చగలవు. రెండోది, నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు ఒకటిన్నర శాతం వ్యాకోచిస్తాయి. 25 లీటర్ల గీజర్‌లో అది 380 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. రెండు వైపులా దారులు మూసేసిన తొట్టిలో ఆ అదనపు నీళ్లకు సేఫ్టీ వాల్వ్ ఒక్కటే దిక్కు. అది బిగుసుకుపోయి ఉంటే తొట్టి మీదే ఒత్తిడి పడుతుంది. సేఫ్టీ వాల్వ్ నుంచి అప్పుడప్పుడు పడే చుక్కను చూసి, అది కూడా లీకేనని దాని నోటికి బిరడా కొట్టే పని ఎన్నడూ చేయకూడదు. మూడోది, పని మధ్యలో తొట్టిలో నీళ్లు తగ్గి హీటర్ కడ్డీ బయటపడితే అది కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

గ్యాస్ గీజర్ అయితే దాని గ్యాస్ వాల్వ్‌ను కట్టాలి. ఎండతో నడిచే సోలార్ హీటర్‌కు ఆపే స్విచ్ లేదు, మధ్యాహ్నపు ఎండలో అందులోని నీళ్లు మామూలు గీజర్ కంటే చాలా వేడిగా ఉండవచ్చు. కనుక దాని బయటి పైపు మీది వాల్వ్‌ను కట్టి, ఆ పైపులో మిగిలిన నీళ్లను దూరంగా ఉన్న కుళాయిలోంచి వదిలేయాలి. ఈ పని ఉదయాన్నే పెట్టుకోవడం తెలివైన పని.

ప్రెషర్ పంపు ఉన్న ఇంట్లో దాని ప్లగ్‌ను కూడా తీసేయాలి. పైపులో ఒత్తిడి తగ్గగానే దానంతట అదే మొదలయ్యే ఆ యంత్రానికి, మనం కుళాయి తెరిచామో, మిక్సర్ విప్పామో తేడా తెలియదు. దాని పక్కన ఒత్తిడి నిలిపే చిన్న ట్యాంకు ఉంటే, ప్లగ్ తీశాక కూడా అందులో నీళ్లు ఒత్తిడితోనే ఉంటాయి. ఏదో ఒక కుళాయి తెరిచి, ధార పూర్తిగా చచ్చుబడేదాకా వదలాలి.

ఇవన్నీ కట్టే ముందు రెండు మూడు బకెట్ల నీళ్లు, తాగడానికి ఒక బిందె పట్టి పెట్టుకోండి. మరమ్మతు మధ్యలో విడిభాగం సరిపోక బయటికి పరుగెత్తాల్సి వస్తే ఆ గంటసేపు ఇంట్లో వాళ్లు మిమ్మల్ని తిట్టకుండా ఉంటారు.

నీళ్లు ఆగాయని ఎలా తెలుస్తుంది?

ఇది తొందరగా దాటేసే మెట్టు, కానీ మొత్తం పనిలో ఇంతకన్నా ముఖ్యమైనది లేదు. షవర్ తిప్పితే రెండు చుక్కలు రాలి ఆగిపోవడం రుజువు కాదు. పానీయం తాగే స్ట్రాను నీళ్లలో ముంచి, పై నోటిని వేలితో మూసి బయటికి తీస్తే అందులోని నీళ్లు కింద పడవు. పైనుంచి గాలి పోయే దారి లేకపోవడమే కారణం. పైన వాల్వ్ మూసి ఉన్న నిలువు పైపు కూడా సరిగ్గా అలాగే ప్రవర్తిస్తుంది. 25 మిల్లీమీటర్ల పైపు పది మీటర్ల పొడవుంటే అందులో దాదాపు ఐదు లీటర్ల నీళ్లు పడతాయి, అవి షవర్ హెడ్ సన్నని రంధ్రాల మీదుగా కిందికి రాలేక అక్కడే వేలాడుతుంటాయి.

నాకీ పాఠం ఖర్చుతోనే వచ్చింది. మేడమీది ట్యాంకు వాల్వ్ కట్టి, కింది అంతస్తులో షవర్ తెరిచి, చుక్కలు ఆగాక నిబ్బరంగా స్పిండిల్ విప్పాను. అంతా బాగానే ఉంది. వాషర్‌ను వెలుతురులో పెట్టి అరుగుదల చూస్తున్నాను. ఇంతలో పైఅంతస్తులో ఎవరో చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పారు. నీళ్లు రాలేదు గానీ, ఆ కుళాయిలోంచి పైపులోకి గాలి చొరబడింది. ఒక్క గుటక శబ్దం, ఆ వెంటనే పైపులో వేలాడుతున్న నీళ్లన్నీ గోడ రంధ్రంలోంచి నా ఛాతీ మీదికి దూకాయి. వాషర్ చేతిలోంచి జారి జాలీ మూత లేని మురుగు రంధ్రంలోకి పోయింది.

కనుక పద్ధతి ఇది. వాల్వ్ కట్టాక ఇంట్లో అన్నిటికంటే ఎత్తున ఉన్న కుళాయిని తెరిచి గాలిని లోపలికి పోనివ్వాలి. తర్వాత అన్నిటికంటే పల్లంలో ఉన్న కుళాయిని తెరిచి, పైపుల్లో నిలిచిన నీళ్లను దాని గుండా ఖాళీ చేయాలి. షవర్‌లో వేడి, చల్లని పిడులు రెండింటినీ తెరవాలి; ఒకే పిడి ఉన్న మిక్సర్ అయితే పైకెత్తి, ఎడమ చివరికీ కుడి చివరికీ తిప్పి చూడాలి. ఇవన్నీ తెరిచే ఉంచి పది, పదిహేను నిమిషాలు ఆగాలి. పల్లపు కుళాయి కింద ఒక ఖాళీ గిన్నె పెట్టి, ఈ వ్యవధి అయ్యాక అందులోకి ఇంకా చుక్కలు పడుతున్నాయేమో చూడాలి. వేగం తగ్గుతూ పోయి ఆగిపోతే అది పైపులో మిగిలిన నీళ్లు. అదే వేగంతో పడుతూ ఉంటే వాల్వ్ సరిగ్గా పట్టలేదు. నిమిషానికి పది చుక్కలైతే కింద గుడ్డ పరిచి పని కానివ్వవచ్చు. దారంలా ధార పడుతుంటే మాత్రం పని ఆపి వెనకటి వాల్వ్‌కు వెళ్లాలి.

చన్నీళ్లు ఆగినా వేడినీళ్ల పైపు ఒక్కోసారి ఆగదు, దాని వెనక చిన్న తిరకాసు ఉంటుంది. గీజర్‌లోంచి వేడినీళ్లు బయటికి రావాలంటే చన్నీళ్లు లోపలికి తోయాలి కనుక, గీజర్‌కు వెళ్లే చన్నీళ్ల వాల్వ్ కట్టేస్తే వేడినీళ్లు కూడా ఆగాలి. అయినా వస్తున్నాయంటే ఇంట్లో మరెక్కడో ఇంకో మిక్సర్ తెరిచి ఉండి, దాని కొసన ఉన్న స్ప్రే మాత్రం మూసి ఉందేమో వెతకండి. అలాంటి మిక్సర్ లోపల చన్నీళ్ల పైపూ వేడినీళ్ల పైపూ కలిసిపోతాయి. అక్కడి నుంచి చన్నీళ్లు అడ్డంగా దాటి వేడి పైపులో ఎదురు నడుస్తూ మీ షవర్ దాకా వస్తాయి. స్నానాల గది ఒక్కదానికే వాల్వ్ కట్టినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. ఆ రెండో మిక్సర్‌ను కడితే సమస్య తీరుతుంది.

విప్పేటప్పుడు

ఆ పోయిన వాషర్ తర్వాత నేను మురుగు రంధ్రం మీద మందపాటి తడిగుడ్డ పరచకుండా ఏ మరనూ తీయడం లేదు. పైపు కొలతకు తగిన ఎండ్ ప్లగ్‌లకు (పైపు నోటిని మూసే మర బిరడాలకు) టెఫ్లాన్ టేప్ చుట్టి చేతికందేలా పెట్టుకోవాలి. మిక్సర్ దించాక పని సాగకపోతే గోడ పైపు నోళ్లకు వాటిని బిగించి ఇంటికి నీళ్లు వదిలేసుకోవచ్చు. వాల్వ్ దగ్గర వీలైతే ఒక మనిషిని నిలబెట్టండి. స్పిండిల్‌ను ఒక్కసారిగా ఊడదీయకుండా రెండు చుట్లు వదులు చేసి ఆగి చూడాలి. మర సందుల్లోంచి నీళ్లు ఒత్తిడితో చిమ్మితే ఇంకా మర పట్టు ఉంది కనుక తిరిగి బిగించవచ్చు. ముఖం దానికి ఎదురుగా పెట్టకుండా పక్కకు ఉంచండి.

తిరిగి వదలడం

నీళ్లు వదిలే ముందు షవర్ హెడ్‌నూ, కుళాయిల మూతి జాలీలనూ విప్పి పక్కన పెట్టాలి. ఖాళీ అయి మళ్లీ నిండే పైపులో తుప్పు, ఇసుక కదిలి వస్తాయి, ముందుగా అవి చేరేది ఆ రంధ్రాల్లోకే. పల్లపు కుళాయి ఒక్కటి తెరిచి ఉంచి, వాల్వ్‌ను పావు వంతు మాత్రమే తెరవాలి. గాలి బుసబుసమంటూ, నీళ్లు ఉమ్మినట్టుగా వచ్చి, తర్వాత ధార నిలకడ పట్టాక మిగతాది నెమ్మదిగా తిప్పాలి. బాల్ వాల్వ్‌ను ఒక్క ఊపున తెరిస్తే నీళ్లు పరుగెత్తి మూసి ఉన్న చివర్లను ఢీకొంటాయి, పైపులు గోడలో ధన్‌మని అదురుతాయి, పాత కీళ్లు అక్కడే విచ్చుకుంటాయి. గేట్ వాల్వ్‌ను పూర్తిగా తెరిచి, మళ్లీ పావు చుట్టు వెనక్కి తిప్పి వదిలితే ఈసారి బిగుసుకోకుండా ఉంటుంది. దాన్ని సగంలో వదిలేయడం మంచిది కాదు, పారే నీళ్లలో పలక అదురుతూ అంచు అరిగిపోతుంది.

కుళాయిలను పల్లం నుంచి ఎత్తుకు ఒక్కొక్కటిగా తెరిచి గాలి వదిలి కట్టుకుంటూ రావాలి. వేడినీళ్ల కుళాయిని అన్నిటికంటే ఎక్కువసేపు తెరిచి ఉంచండి. అందులోంచి గాలి తెరలు లేకుండా ఒకే ధార వస్తేనే గీజర్ నిండినట్టు. ఆ ధార చూడకుండా ఎంసీబీ ఎత్తకూడదు. ప్రెషర్ పంపు ప్లగ్ కూడా ఆ తర్వాతే.

కొత్తగా బిగించిన ప్రతి కీలు చుట్టూ పొడి కాగితం ముక్క ఒకటి ఒత్తి చూడండి. కంటికి కనపడని చెమ్మ కాగితం మీద మచ్చగా కనపడుతుంది. గోడలోపలి కీలుకు ఈ ఉపాయం పనికిరాదు కనుక, నీళ్ల మీటరు ఉన్న ఇంట్లో కుళాయిలన్నీ కట్టి, ట్యాంకు ఉంటే అందులోకి నీళ్లు ఎక్కడం కూడా ఆగాక, మీటరు ముఖం మీది చిన్న చక్రాన్ని ఐదు నిమిషాలు గమనించాలి. అది ఏ మాత్రం తిరుగుతున్నా ఎక్కడో నీళ్లు పోతున్నట్టే. ట్యాంకు తర్వాతి పైపుల్లో కారుతుంటే మీటరు అప్పటికప్పుడు చెప్పదు. రాత్రి మోటారుకు పని లేనప్పుడు ట్యాంకులో నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీసి, కుళాయిలు తిప్పకముందే తెల్లవారి చూడటమే దానికి మార్గం.